ఒక్క సిలిండర్‌లో కంప్రెషన్ తగ్గితే ఇంజిన్ దించాల్సిందేనా?

మలుపుదారి
మాది నాలుగు సిలిండర్ల పెట్రోలు కారు. కొంతకాలంగా ఐడ్లింగ్‌లో బాగా వణుకుతోంది. ఇంజిన్ లైటు వెలిగితే స్కానర్ పెట్టి చూశాను. మూడో సిలిండర్‌లో మిస్సింగ్ ఉందని పి0303 కోడ్ చూపింది. ప్లగ్గులన్నీ కొత్తవి వేయించి, మూడో సిలిండర్ కాయిల్‌ను రెండోదానికి మార్చి చూసినా కోడ్ మాత్రం మూడో సిలిండర్‌ను వదలలేదు. వర్క్‌షాపులో కంప్రెషన్ (పిస్టన్ నొక్కినప్పుడు సిలిండర్‌లో గాలికి వచ్చే పీడనం) కొలిచే గేజి పెట్టి, వరుసగా 130, 125, 85, 130 పి.ఎస్.ఐ. (పీడనం కొలమానం) వచ్చాయని, పిస్టన్ చుట్టూ ఉండే రింగులు పోయాయి కాబట్టి ఇంజిన్ దించి బోరు పని చేయాలని చెప్పారు. ఆ పరీక్ష జరుగుతున్నంతసేపూ నేను పక్కనే ఉన్నాను. ఇంజిన్ చల్లగా ఉంది. ఒక్క ప్లగ్గు విప్పి, గేజి చూసి, దాన్ని బిగించాక తర్వాతి ప్లగ్గుకు వెళ్లారు. యాక్సిలరేటర్ ఎవరూ తొక్కలేదు. అంత పెద్ద నిర్ణయానికి ఈ నాలుగు అంకెలు చాలునా? నేనే సరిగ్గా కొలుచుకోవాలంటే ఏం చేయాలి?

టార్క్‌రెంచ్
చాలవు. మీరు చెప్పిన పద్ధతిలో కొలిస్తే ఏ సిలిండర్ బలహీనంగా ఉందో మాత్రం తెలుస్తుంది, ఎందుకు బలహీనపడిందో తెలియదు, మిగతా మూడింటి అసలు స్థితి కూడా తెలియదు. ఆరోగ్యంగా ఉన్న పెట్రోలు ఇంజిన్లు ఎక్కువగా 125 నుంచి 200 పి.ఎస్.ఐ. మధ్య చూపిస్తాయి. మీ ఇంజిన్‌కు ఎంత ఉండాలో సర్వీసు మాన్యువల్‌లో రాసి ఉంటుంది, ముందు అది చూడండి.

ఇక పద్ధతి. బ్యాటరీ పూర్తిగా చార్జి అయి ఉండాలి, ఎందుకంటే సెల్ఫ్ నెమ్మదిగా తిరిగితే గాలి కారిపోవడానికి ఎక్కువ సమయం దొరికి అన్ని అంకెలూ పడిపోతాయి. ఇంజిన్‌ను మామూలు ఉష్ణోగ్రతకు తెచ్చి ఆపండి. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వేసి ఉండాలి. పెట్రోలు పంపు ఫ్యూజు గానీ రిలే గానీ తీసేయండి, కాయిల్ కనెక్టర్లన్నీ విడదీయండి. ఈ రెండింటినీ ఎవరూ దాటవేయకూడదు: ప్లగ్గు రంధ్రాల్లోంచి బయటికొచ్చే పెట్రోలు ఆవిరికి ఎక్కడో ఒక స్పార్కు తగిలితే మంట లేస్తుంది, కాలని పెట్రోలు కెటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరితే అది పాడవుతుంది, ప్లగ్గు లేకుండా కాయిల్‌కు కరెంటు ఇస్తే కాయిల్ కూడా దెబ్బతినవచ్చు.

ప్లగ్గుల చుట్టూ ఉన్న దుమ్మును గాలితో ఊదాకే విప్పండి, లేదంటే ఆ ఇసుకంతా సిలిండర్‌లో పడుతుంది. నాలుగు ప్లగ్గులూ ఒకేసారి తీయాలి. అప్పుడే సెల్ఫ్ తేలికగా, ప్రతి సిలిండర్‌కూ ఒకే వేగంతో తిరుగుతుంది. తీసిన ప్లగ్గులను వరుసలోనే పెట్టుకోండి, వాటి మొనలు కూడా కథ చెబుతాయి. గేజిని చేత్తోనే బిగించి, ఒకరిని యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కి పట్టుకోమని, ముల్లు అయిదారు సార్లు ఎగిరి నిలిచేదాకా సెల్ఫ్ కొట్టండి. చివరి అంకెతో పాటు మొదటి ఎగురుకు ముల్లు ఎంతవరకు వచ్చిందో కూడా రాసుకోండి. ప్రతి సిలిండర్‌కూ ఎగుర్ల సంఖ్య ఒకటే ఉండాలి. సెల్ఫ్‌ను పది సెకన్లకు మించి ఏకధాటిగా తిప్పకుండా మధ్యలో చల్లారనివ్వండి.

పాతకార్బురేటర్
పైన చెప్పినదాంట్లో ఒక్క విషయంతో నేను ఏకీభవించను. వేడి ఇంజిన్‌లో ప్లగ్గులు విప్పమని కొత్తవారికి చెప్పడం ప్రమాదం. హెడ్ (సిలిండర్ల పైన కప్పే, వాల్వులుండే భాగం) అల్యూమినియంది, ప్లగ్గు ఉక్కుది. బాగా వేడిగా ఉన్నప్పుడు బలవంతంగా తిప్పితే మరలు ఊడి వస్తాయి. మరలు పోయిన హెడ్‌ను బాగు చేయించడం ఈ పరీక్ష కంటే చాలా పెద్ద పని.

టార్క్‌రెంచ్
మీ హెచ్చరిక న్యాయమైనదే. చెయ్యి ఆనించగలిగేంత గోరువెచ్చదనానికి దిగాక విప్పడం మంచిది. అయితే పూర్తిగా చల్లబడితే పిస్టన్లు, రింగులు తమ పని కొలతకు వ్యాకోచించి ఉండవు, నూనె పొర తీరు కూడా వేరుగా ఉంటుంది, కాబట్టి అంకె తక్కువగా వస్తుంది. బండి స్టార్టే కాకపోతే చల్లగానే చూడక తప్పదు. అప్పుడు మాన్యువల్‌లోని అంకెతో పోల్చకుండా సిలిండర్లను ఒకదానితో ఒకటి మాత్రమే పోల్చుకోవాలి.

గేజిముల్లు
యాక్సిలరేటర్ విషయాన్ని ఇంకాస్త గట్టిగా చెప్పాలి. థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే రేకు) మూసి ఉంటే సిలిండర్‌లోకి గాలే సరిగ్గా చేరదు. చేరని గాలిని పిస్టన్ ఎలా నొక్కుతుంది? మలుపుదారి గారి కారులో మంచి సిలిండర్లు కూడా 130 దగ్గరే ఆగిపోవడానికి అదే ముఖ్య కారణం అయి ఉండవచ్చు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న కార్లలో తాళం ఆన్‌లో ఉండగా పెడల్ తొక్కితేనే రేకు తెరుచుకుంటుంది, దాన్ని వేలితో నెట్టకూడదు. పెడల్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొడితే చాలా ఇంజెక్షన్ కార్లలో పెట్రోలు చిమ్మడం దానంతటదే ఆగిపోతుంది గానీ, ఆ సౌకర్యాన్ని నమ్ముకొని ఫ్యూజు తీయకుండా ఉండకండి.

చిన్నపానా
రబ్బరు మొన ఉన్న గేజిని రంధ్రానికి అదిమి పట్టుకుంటే సరిపోదా? మరలు ఉన్నదే కావాలా?

గేజిముల్లు
రబ్బరు మొనతో ఒక సిలిండర్‌కు గట్టిగా, మరో సిలిండర్‌కు వదులుగా పట్టుకుంటాం. ఆ తేడా అంకెల్లో కనిపిస్తుంది, లేని జబ్బు ఉన్నట్టు తోస్తుంది. లోతైన గుంతల్లో ప్లగ్గులుండే నేటి ఇంజిన్లలో అది అందనే అందదు. మరలున్నదే కొనండి. చాలా కార్లకు 14 మిల్లీమీటర్ల మర సరిపోతుంది, కొన్నింటికి 12 కావాలి. అడాప్టర్ పొడవు మీ ప్లగ్గు మర పొడవుకు సరిపోవాలి: మరీ పొడవైతే పిస్టన్‌కు తగలవచ్చు, మరీ పొట్టిదైతే మిగిలిన ఖాళీ అంతా దహన గదికి కలిసి అంకె తగ్గుతుంది. గాలిని వెనక్కి పోనివ్వని చిన్న వాల్వు గొట్టం కొసన, అంటే సిలిండర్ వైపునే ఉండాలి. అది గేజి వైపు ఉంటే గొట్టంలోని ఖాళీని కూడా ప్రతిసారీ నింపాల్సి వస్తుంది. ఆ వాల్వు కారుతోందేమో ముందే తెలిసిన మంచి సిలిండర్ మీద పెట్టి చూసుకోండి; ముల్లు ఎక్కిన చోట నిలబడాలి.

చిన్నపానా
ఇంకో సందేహం. మా ఇంజిన్ కంప్రెషన్ నిష్పత్తి (పిస్టన్ అడుగున ఉన్నప్పటి చోటుకు, పైకొచ్చాక మిగిలే చోటుకు ఉన్న నిష్పత్తి) 10:1. వాతావరణ పీడనం 14.7 పి.ఎస్.ఐ. కాబట్టి గేజి 147 కంటే తక్కువే చూపించాలి కదా, కానీ 180 చూపిస్తోంది. గేజి తప్పా?

అశ్వశక్తి
గేజి తప్పు కాదు. గాలిని వేగంగా నొక్కినప్పుడు అది వేడెక్కుతుంది, ఆ వేడి వల్ల పీడనం కేవలం నిష్పత్తి లెక్క కంటే బాగా పైకి పోతుంది. వేడి ఏమాత్రం బయటికి పోకపోతే 10:1కి ఇంకా చాలా ఎక్కువే రావాలి. అంత రాకపోవడానికి కారణాలు: కొంత వేడి గోడల్లోకి పోతుంది, కొంత గాలి రింగుల పక్కనుంచి జారుతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా ఇన్లెట్ వాల్వు పిస్టన్ అడుగుకు చేరాక కూడా కొంతసేపు తెరిచే ఉంటుంది కాబట్టి అసలు నొక్కుడు ఆలస్యంగా మొదలవుతుంది. అందుకే నిష్పత్తిని 14.7తో గుణించి వచ్చిన అంకెను ప్రమాణంగా పెట్టుకోవద్దు. ఇన్లెట్ వాల్వును కావాలని మరీ ఆలస్యంగా మూసే అట్కిన్సన్ పద్ధతి ఇంజిన్లు నిష్పత్తి ఎక్కువ ఉన్నా గేజి మీద తక్కువే చూపిస్తాయి.

కొండదారి
ఎత్తును కూడా లెక్కలోకి తీసుకోండి. సముద్ర మట్టానికి 1500 మీటర్ల ఎత్తున గాలి పీడనం దాదాపు ఆరో వంతు తక్కువగా ఉంటుంది. అక్కడ కొలిచిన ఆరోగ్యకరమైన ఇంజిన్ కూడా మాన్యువల్ అంకెను అందుకోదు. నాలుగు సిలిండర్లూ సమానంగా తగ్గితే కంగారు పడకుండా ముందు దీన్ని, బ్యాటరీని, థ్రాటిల్‌ను గుర్తు చేసుకోవాలి.

పాతకార్బురేటర్
నాలుగూ సమానంగా తగ్గడానికి ఇంకో కారణం టైమింగ్ బెల్టు లేదా చైను ఒకటి రెండు పళ్లు జారడం. పదే పదే సెల్ఫ్ కొట్టి స్టార్ట్ కాని బండిలో పెట్రోలు సిలిండర్ గోడల మీది నూనెను కడిగేసినా అంతే. నా దగ్గరికొచ్చిన ఒక బండిలో అన్నీ 90ల్లో ఉన్నాయి. ప్రతి సిలిండర్‌లో కొంచెం నూనె వేసి తిప్పాక స్టార్టయి, వేడెక్కాక మామూలు అంకెలు చూపింది. రింగులకు ఏమీ కాలేదు.

నీలిపొగ
ఈ పరీక్షను ఇంతగా నమ్మడం నాకు నచ్చదు. నా కారు నూనె తాగుతుంది, పొద్దున స్టార్ట్ చేస్తే నీలి పొగ వస్తుంది, అయినా నాలుగు సిలిండర్లూ 170 పైనే ఉన్నాయి. రింగులు బాగుంటే నూనె ఎందుకు తగ్గుతోంది?

టార్క్‌రెంచ్
పిస్టన్‌కు సాధారణంగా మూడు రింగులుంటాయి. పై రెండూ ప్రధానంగా గాలిని ఆపేవి, కింది రింగు గోడ మీది నూనెను గీకి కిందికి పంపేది. ఆ కింది రింగు మసితో బిగుసుకుపోయినా గేజికి తెలియదు. పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడే పొగ వచ్చి తర్వాత ఆగిపోతుంటే వాల్వు గైడు సీళ్లను కూడా అనుమానించాలి, రాత్రంతా నూనె వాటి గుండా కిందికి దిగి ఉంటుంది. పిస్టన్ మీద మసి పేరుకుంటే గది చిన్నదై అంకె మామూలు కంటే ఎక్కువగానూ రావచ్చు. మీ విషయంలో పరీక్ష అబద్ధం చెప్పలేదు, మీరు అడిగిన ప్రశ్న దాని పరిధిలో లేదు.

నీలిపొగ
సీళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. చూపిస్తాను.

మలుపుదారి
ఈ సూచనల ప్రకారం గేజి తెచ్చి, ఇంజిన్ గోరువెచ్చగా ఉండగా కొలిచాను. వరుసగా 178, 175, 120, 180 వచ్చాయి. మూడోదాంట్లో మొదటి ఎగురే తక్కువ, తర్వాత కూడా పెద్దగా ఎక్కలేదు. మిగతావి మొదటి ఎగురులోనే వంద దాటాయి. మాన్యువల్‌లో కనీసం 142 ఉండాలని ఉంది.

అశ్వశక్తి
చూడండి, మూడు సిలిండర్లకు ఏ జబ్బూ లేదు. అతి తక్కువ అంకె అతి ఎక్కువ అంకెలో 75 శాతం కంటే తగ్గకూడదనేది చాలామంది పాటించే హద్దు. 180కి అది 135. మీ 120 దానికి దిగువనే ఉంది కాబట్టి లోపం నిజమే. రింగులు అరిగితే మొదటి ఎగురు తక్కువగా ఉండి తర్వాత ఒక్కొక్కటిగా పైకి ఎక్కుతుంది. మీరు చెప్పిన తీరు, అంటే మొదలూ తక్కువే, తర్వాతా పెరగకపోవడం, వాల్వు వైపు చూపిస్తుంది. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు తగ్గి ఉంటే వాటి మధ్య హెడ్ గాస్కెట్ (హెడ్ కింద గాలి కారకుండా ఉంచే పొర) పోయిందని అనుమానించేవాళ్లం.

పాతకార్బురేటర్
ఎగుర్లను చూసి తీర్పు చెప్పడం తొందరపాటు. మూడో సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ వేసి మళ్లీ కొలవండి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా గాస్కెట్. తరతరాలుగా మెకానిక్కులు చేస్తున్న పరీక్ష ఇది.

అశ్వశక్తి
పరీక్ష మంచిదే, కానీ నూనె వేస్తే ఆరోగ్యంగా ఉన్న సిలిండర్‌లోనూ అంకె పెరుగుతుందని చాలామంది గమనించరు. లెక్క వేసి చూద్దాం. 400 సి.సి. సిలిండర్, నిష్పత్తి 10:1 అయితే పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు సుమారు 44 సి.సి. అందులో 5 మిల్లీలీటర్ల నూనె కూర్చుంటే మిగిలేది 39, నిష్పత్తి 11 దాటుతుంది. రింగులకు ఏ సంబంధమూ లేకుండానే ముల్లు పదో వంతుకు పైగా ఎక్కవచ్చు. అందుకని అంతే నూనెను ఒక మంచి సిలిండర్‌లో కూడా వేసి, రెండింటి పెరుగుదలనూ పోల్చండి. సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉండే ఇంజిన్లలో నూనె కింది వైపునే చేరుతుంది, పై వైపు రింగును మూయదు. అక్కడ ఈ పరీక్షను అసలు నమ్మకూడదు.

పాతకార్బురేటర్
మంచి సిలిండర్‌తో పోల్చాలన్న మాట బాగుంది, ఒప్పుకుంటున్నాను.

డీజిల్‌గుండె
చదివేవారిలో డీజిల్ బండ్లవారు ఉంటే దయచేసి నూనె పరీక్ష చేయవద్దు. 18:1 నిష్పత్తి ఉన్న 400 సి.సి. సిలిండర్‌లో మిగిలే చోటు 23 సి.సి. చిల్లర మాత్రమే, అందులో ఐదో వంతుకు పైగా నూనెతో నిండుతుంది. పైగా డీజిల్ ఇంజిన్ నొక్కుడు వేడితోనే ఇంధనాన్ని మండిస్తుంది, ఆ నూనె కూడా మండవచ్చు. పెట్రోలు గేజిని డీజిల్‌కు పెట్టకూడదు. ఇక్కడ 300 నుంచి 500 పి.ఎస్.ఐ. దాకా వస్తుంది కాబట్టి దానికి తగిన గేజి, గ్లో ప్లగ్గు లేదా ఇంజెక్టర్ రంధ్రానికి సరిపోయే అడాప్టర్ కావాలి.

మలుపుదారి
ఒకే కొలత నూనెను మూడో సిలిండర్‌లోనూ మొదటిదాంట్లోనూ వేశాను. మూడోది 120 నుంచి 132కి, మొదటిది 178 నుంచి 197కి వచ్చాయి. రెండూ దాదాపు ఒకే వంతున పెరిగాయి, అంటే రింగులు కారణం కాదన్నట్టేనా?

అశ్వశక్తి
అవును, ఆ పెరుగుదల నూనె ఆక్రమించిన చోటు వల్ల వచ్చినదే. ఇక గాలి ఎటు పోతోందో వినాలి. లీక్‌డౌన్ పరీక్ష, అంటే సిలిండర్‌లోకి బయటి నుంచి గాలి నింపి ఎంత కారుతోందో చూసే పరీక్ష, చేయించండి.

టార్క్‌రెంచ్
రెండు గేజిలుండే ఆ పరికరం, ఒక కంప్రెసర్ ఉంటే చాలు. మూడో సిలిండర్ పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోకు చివర, సరిగ్గా పై కొసకు తేవాలి. అప్పుడే రెండు వైపుల వాల్వులూ మూసి ఉంటాయి. ఎగ్జాస్టు స్ట్రోకు చివర పెడితే వాల్వులు తెరిచి ఉండి మొత్తం గాలి పోతుంది, లేని లోపం కనిపిస్తుంది. క్రాంక్ పుల్లీ నట్టుకు పెట్టిన పానాను గాలి వదిలే ముందు తప్పకుండా తీసేయండి, గాలి పిస్టన్‌ను కిందికి తోస్తే ఆ పానా గిర్రున తిరిగి చెయ్యి విరగ్గొడుతుంది. తర్వాత చెవి పెట్టి వినండి. ఆయిల్ మూత దగ్గర బుస వినిపిస్తే రింగులు, థ్రాటిల్ దగ్గరైతే ఇన్లెట్ వాల్వు, సైలెన్సర్ గొట్టంలోనైతే ఎగ్జాస్టు వాల్వు, రేడియేటర్ నీళ్లలో బుడగలైతే హెడ్ గాస్కెట్ లేదా పగులు. పదో వంతు వరకు కారడం మామూలే, ఐదో వంతు దాటితే వెతకాల్సిందే.

తీగలపెట్టె
ప్లగ్గులు విప్పడం కష్టమైన ఇంజిన్లకు మరో దారి ఉంది. బ్యాటరీ తీగకు కరెంటు క్లాంపు తగిలించి ఆసిలోస్కోపు (కరెంటు హెచ్చుతగ్గులను గీతగా చూపే పరికరం) మీద సెల్ఫ్ తీసుకునే కరెంటును చూస్తే, ప్రతి నొక్కుడుకూ ఒక శిఖరం కనిపిస్తుంది. బలహీన సిలిండర్ దగ్గర శిఖరం పొట్టిగా ఉంటుంది. పి.ఎస్.ఐ. అంకె రాదు గానీ తేడా ఉందో లేదో నిమిషంలో తేలుతుంది. ముందు దీన్ని చూసి, తేడా ఉంటేనే గేజి తీయడం నా పద్ధతి.

మలుపుదారి
వేరే వర్క్‌షాపులో లీక్‌డౌన్ చేయించాను. మంచి సిలిండర్లలో కారుదల 8, 9 శాతమే, మూడోదాంట్లో 35 శాతం. సైలెన్సర్ గొట్టంలో బుస స్పష్టంగా వినిపించింది. ఆయిల్ మూత దగ్గర ఏమీ లేదు, రేడియేటర్‌లో బుడగలూ లేవు. ఎగ్జాస్టు వాల్వు కాలిపోయి ఉంటుందని, హెడ్ విప్పుదామని అక్కడ అన్నారు.

పాతకార్బురేటర్
హెడ్ విప్పే ముందు టాపెట్లు, అంటే వాల్వులకూ వాటిని నొక్కే భాగాలకూ మధ్య ఉండే ఖాళీ, చూడండి. దయచేసి ఆ పని చేశాకే నిర్ణయించండి. ఎగ్జాస్టు వాల్వు, దాని సీటు కాలంతోపాటు ఒకదానిలోకి ఒకటి అరిగి వాల్వు పైకి జరుగుతుంది, టాపెట్ ఖాళీ మాయమవుతుంది. ఖాళీ లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు. మూసుకోని వాల్వు తన వేడిని సీటుకు ఇచ్చి చల్లబడలేదు కాబట్టి, అలాగే నడిపితే అంచు కాలిపోతుంది. గ్యాసుతో నడిచే బండ్లలో ఈ అరుగుదల మరీ త్వరగా వస్తుంది. టాపెట్ సెట్టింగ్ అవసరంలేని హైడ్రాలిక్ లిఫ్టర్ల ఇంజిన్ అయితే సంగతి వేరు.

మలుపుదారి
మా ఇంజిన్‌లో స్క్రూతో సరిచేసే టాపెట్లే. ఇంజిన్ పూర్తిగా చల్లారాక వాల్వు కవరు విప్పి ఫీలర్ గేజితో (వేర్వేరు మందాల పలచని రేకుల కట్టతో) చూస్తే, మూడో సిలిండర్ ఎగ్జాస్టు వాల్వుల్లో ఒకదాని దగ్గర అన్నిటికన్నా పలచని రేకు కూడా దూరలేదు. మిగతా ఎగ్జాస్టు వాల్వుల ఖాళీ కూడా మాన్యువల్ చెప్పినదానికంటే తక్కువే ఉంది. అన్నీ మాన్యువల్ ప్రకారం సరిచేసి, కవరు గాస్కెట్ కొత్తది వేసి, మళ్లీ వేడి చేసి కొలిచాను: 179, 177, 164, 180. ఐడ్లింగ్‌లో వణుకు పోయింది, కోడ్ చెరిపేశాక మళ్లీ రాలేదు.

అశ్వశక్తి
164 అంటే 91 శాతం. ఇంజిన్ దించాల్సిన అవసరం ఎక్కడా లేదు. మిగిలిన ఆ చిన్న తేడా వాల్వు అంచు మీది మసి వల్ల కావచ్చు, కొంతకాలం నడిచాక మళ్లీ కొలిస్తే తెలుస్తుంది.

పాతకార్బురేటర్
అదే వాల్వు ఖాళీని తర్వాతి సర్వీసులో తప్పకుండా కొలిపించి, ఈ రోజు అంకె పక్కన రాసి ఉంచండి. మళ్లీ త్వరగా తగ్గిపోతే సీటు అరుగుతూనే ఉందన్నమాట, అప్పుడు హెడ్ పని నిజంగానే అవసరమవుతుంది.

చిన్నపానా
మా ఇంజిన్‌లో స్క్రూలు లేవు, క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు) కింద బకెట్లు (గిన్నె లాంటి టోపీలు) ఉన్నాయి. అక్కడ ఖాళీ ఎలా సరిచేస్తారు?

పాతకార్బురేటర్
ముందు ప్రతి వాల్వు దగ్గర ఖాళీ కొలిచి కాగితం మీద రాసుకోవాలి. తర్వాత ఖాళీ ఎంత తక్కువైతే అంత పలచని షిమ్మును (ఖాళీ సరిచేసే బిళ్లను) వేయాలి, కొన్నింటిలో బకెట్‌నే వేరే మందం ఉన్నదానితో మార్చాలి. ఎక్కువ ఇంజిన్లలో దీనికి క్యామ్‌షాఫ్టు తీయాల్సి వస్తుంది, కాబట్టి టైమింగ్ గుర్తులు పెట్టుకోకుండా మొదలుపెట్టవద్దు.